అప్‌డేట్: అమ్మతో వ్యాలీ ఫోర్జ్ చూసి వచ్చాం

డెబ్బై దాటిన అమ్మతో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉన్న వ్యాలీ ఫోర్జ్ చారిత్రక పార్కును ఒక్క పూటలో చూడగలమా అని క్రితం నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మొన్న శనివారం వెళ్లివచ్చాం. ప్రవేశ రుసుము లేదు, ముఖ్యమైన చోట్లన్నీ కారులోనే చుట్టిరావచ్చు.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో, 1777 డిసెంబరు 19న సుమారు 12,000 మంది సైనికులతో ఇక్కడికి చేరిన సేనాధిపతి జార్జ్ వాషింగ్టన్, 1778 జూన్ వరకు ఇక్కడే విడిది చేశారు. ఈ నేల మీద యుద్ధమేమీ జరగలేదు. అయినా ఆ ఆరు నెలల్లో దాదాపు 2,000 మంది వ్యాధుల వల్లే మరణించారన్న సంగతి, పన్నెండు మంది తలదాచుకున్న 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు గల గుడిసెలో నిలబడినప్పుడే నాకు నిజంగా అర్థమైంది. దుంగల సందుల్లో మెత్తిన మట్టిని అమ్మ వేలితో తడిమి, "మన ఊళ్లో గోడలకూ ఇలాగే మెత్తేవాళ్లం" అంది.

ఆ గుడిసెలు తర్వాతి కాలంలో తిరిగి కట్టినవి. వాషింగ్టన్ బస చేసిన రాతి ఇల్లు మాత్రం నాటిదే. 1893లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఈ స్థలాన్ని పార్కుగా కాపాడకపోయి ఉంటే, 1976లో జాతీయ పార్కుగా మార్చడానికి ఏం మిగిలేదో అనిపించింది.

పిల్లలతో వెళ్లేవారికి ఒక్క మనవి: నేలలో ఏది కనబడినా తీయనివ్వకండి. అది నిషిద్ధం, పైగా నాటి సైనికుడి గుండీ ఒకటి ఎక్కడ దొరికిందన్నదే చరిత్రకారులకు ఆధారం, చోటు మారితే ఆ ఆధారం పోయినట్టే.