కలుపొన్నా, కలుపొన్నియా?

గట్టుమీద గోదారి: పొన్నియిన్ సెల్వన్ రెండు భాగాలూ మొన్న ఇంట్లో వరసగా మళ్ళీ చూశాం. అప్పట్నుంచి ఒక పద్యం బుర్ర తొలిచేస్తోంది. 'కుమారసంభవం' కావ్యం రాసిన నన్నెచోడుడు తన గురించి చెప్పుకున్న కందం. "కలుపొన్న విరులఁ బెరుగం..." అని మొదలై, కోడి కూతా ఒరయూరూ వస్తాయి. మధ్యలో ముక్క జారిపోయింది. ఒరయూరు కావేరి ఒడ్డున ఉంది, కావేరికి తమిళంలో పొన్ని అని పేరు. మరి ఇక్కడ పొన్న చెట్టేనా, లేక పొన్ని కాస్తా పొన్న అయిందా?

కందానికి కాపలా: పద్యం ఇదీ:

కలుపొన్న విరులఁ బెరుగం
గలకోడి రవంబు దిశలఁ గలయఁగఁ జెలఁగం
బొలుచు నొరయూరి కధిపతి
నలఘుపరాక్రముఁడఁ డెంకణాదిత్యుండన్

పొన్న అంటే పున్నాగం, పూల చెట్టు. ఇందులో వెతకడానికేముందండీ? పొన్ని అని మార్చినా మాత్రలు అవే, ప్రాస లకారం మీద ఉంది, యతి గకారానికి గకారం. ఛందస్సు ఎటువైపూ సాక్ష్యం చెప్పదు. అలాంటప్పుడు అచ్చులో ఉన్న పాఠాన్ని కదపకూడదు.

పీఠికల పురుగు: అచ్చు అంటున్నారు, ఆ అచ్చు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి కదా. మానవల్లి రామకృష్ణకవి గారు 1909లో అచ్చువేయించేదాకా నన్నెచోడుడనే కవి ఉన్నాడని మనకు తెలియదు. ప్రతి దొరికింది తంజావూరు సరస్వతీ మహల్లో. తాటాకు మీద 'న్న'కీ 'న్ని'కీ తేడా ఒక్క తలకట్టు, ఒక్క గుడి. గంటం ఒత్తి గీస్తే ఆకు చిరుగుతుందని రాయసగాళ్ళు చెయ్యి తేల్చేసేవాళ్ళు. ఎన్నో నకళ్ళు దాటొచ్చిన గుడి తలకట్టుగా మారడం పెద్ద వింతేం కాదు.

తిరుచ్చి తెలుగాయన: నేనుండేది ఒరయూరుకి కూతవేటు దూరంలోనే. ఇప్పుడది తిరుచ్చిలో ఒక పేట, ఉరైయూర్ అంటారు. గోదారి గారి అనుమానానికి నా తరఫున ఒక ఆధారం: 'పెరుగం' అన్న మాట చూడండి. ఆడి నెల పద్దెనిమిదో రోజున ఇక్కడ ఆడిప్పెరుక్కు చేస్తారు. కొత్తనీరొచ్చిన కావేరికి ఆడవాళ్ళు పూలూ పసుపూ సమర్పిస్తారు. పెరుక్కు, మన పెరుగు ఒకే మాట. "పొన్ని విరులన్ పెరుగన్" అని చదివితే పద్యం ఆ పండగ బొమ్మే. మీరు చూసిన సినిమాకు మూలమైన కల్కి నవల మొదలయ్యేదీ ఆ రోజే. వందియదేవుడు గుర్రమెక్కి వీరనారాయణ చెరువు కట్ట మీద వస్తుంటాడు, జనమంతా నీళ్ళ పండగలో ఉంటారు.

కందానికి కాపలా: బొమ్మ బావుంది. ముందున్న 'కలు'ను ఏం చేస్తారు మరి?

తిరుచ్చి తెలుగాయన: కల్ అంటే రాయి. రాళ్ళ మీద ఒరుసుకుని పారే పొన్ని.

కందానికి కాపలా: మాస్టారూ, మీ ఊళ్ళో కావేరి పారేది ఇసుకలో కదా! రాయన్నది ఒక్క మలైకోట, దాని మీద పారేది భక్తులు. కలుపొన్న అనేది పొన్నలో ఒక రకమై ఉంటుంది. అడవిలో రాళ్ళ మధ్య మొలిచేదేమో.

చోడంబలి: మా శ్రీకాకుళంలో పొన్ను అంటే రోకలి చివర వేసే ఇనప కట్టు. పొన్ని అంటే బియ్యం. మీ గొడవలో ఇవి పనికిరావని తెలుసు, ఎందుకైనా మంచిదని చెప్తున్నా.

పీఠికల పురుగు: అందరూ పొన్న చుట్టూ తిరుగుతున్నారు గానీ పద్యానికి కీలకం కోడి. ఉరైయూరుకి పాత పేరు కోఴి. ఒక కోడి ఏనుగుతో కలబడి గెలిచిందనీ, ఆ నేల బలం చూసి చోళులు అక్కడ రాజధాని కట్టారనీ కథ. అంటే నన్నెచోడుడు ఊరి పేరునే కోడికూతలో దాచాడు. ఒకపక్క ఊరి పేరుతో శ్లేష ఆడుతున్నవాడు ఇంకోపక్క నది పేరును వదిలేస్తాడా? 'గుడి' వైపు నా ఓటు అందుకే.

తిరుచ్చి తెలుగాయన: పంచవర్ణస్వామి గుడిలో ఆ కోడి, ఏనుగు శిల్పం ఉంది. ఈసారి వెళ్తే ఫొటో తీసి పెడతాను.

గట్టుమీద గోదారి: కోఴి మనకు కోడి, ఏఴు ఏడు, మేఴి మేడి. ఆ లెక్కన చోఴ మనకు చోడ. రేనాటి చోడులు, వెలనాటి చోడులు, నన్నెచోడుడు... అందరూ డకారం వాళ్ళే. తెలుగు డబ్బింగులో మాత్రం రెండు భాగాల్లోనూ చోళ, చోళ! పాత తెలుగు శాసనాల్లో ఴ అక్షరమే ఉండేది, అది పోగొట్టుకుని ళతో సరిపెట్టుకుంటున్నాం.

చోడంబలి: "చోడ చోడ" అని పాడితే మా వైపు థియేటర్లో అంబలి గిన్నెలు పట్టుకొస్తారు. మాకు చోడి అంటే రాగి, ఎక్కువైతే చోళ్ళు. కరికాలుడు కత్తి దూస్తుంటే రాగులు గుర్తుకు రావాలా?

పీఠికల పురుగు: నవ్వొచ్చింది గానీ, గోదారి గారి మాట పూర్తిగా ఒప్పుకోలేను. తంజావూరు వాళ్ళను చోళులనీ, మన సీమల్లో ఏలినవాళ్ళను చోడులనీ వేరుచేసి రాయడం చరిత్ర పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. అరుళ్‌మొళి, అంటే మొదటి రాజరాజ చోళుడు, 985లో గద్దెనెక్కాడు. ఆయన కూతురు కుందవ్వ వేంగికి కోడలై వచ్చింది, ఆమె కొడుకే నన్నయను పోషించిన రాజరాజు. సినిమాలో త్రిష వేసిన కుందవై ఆ పిల్లకు మేనత్త. ఇంత దగ్గర చుట్టరికంలో ఎవరు చోళ, ఎవరు చోడ అని గీత గీయకపోతే తికమకే.

కందానికి కాపలా: నన్నయ పేరు ఎత్తారు కాబట్టి, "రాజకులైకభూషణుఁడు" పద్యం ఒకసారి పైకి చదవండి. తాత పేరు పెట్టుకున్న మనవణ్ణి 'రాజ' శబ్దంతో మళ్ళీ మళ్ళీ ఎలా మోగించాడో! నన్నెచోడుడిలో ఆ గాంభీర్యం ఏది?

తిరుచ్చి తెలుగాయన: గాంభీర్యం మీ నన్నయ దగ్గరే ఉంచుకోండి. "సరళముగాఁగ భావములు జానుఁదెనుంగున" అన్నవాడి దారి వేరు. పైగా చోడవంశంలో పుట్టి, దేశికవితను నిలిపిన గొప్ప "సత్యాశ్రయుని దొట్టి చాళుక్యనృపుల్" అని పరాయి వంశానికి కట్టబెట్టాడు. ఆ నిజాయితీ ఎంతమందికుంది?

కందానికి కాపలా: ఆయన నన్నయకు ముందో వెనకో తేలితే కదా! మానవల్లి వారి లెక్క 940, తర్వాతివాళ్ళు పన్నెండో శతాబ్దానికి దించారు. కావ్యమే మానవల్లి వారి కల్పన అన్నవాళ్ళూ ఉన్నారు. ఎప్పటివాడైనా ఆయన ఏలుబడి పాకనాడు. ఒరయూరి అధిపతి అన్నది తెలుగు చోడులు చాలామంది తగిలించుకున్న బిరుదు. కావేరిని కళ్ళారా చూశాడనే నమ్మకమే లేనప్పుడు ఆడిప్పెరుక్కు ఎక్కడిది?

తిరుచ్చి తెలుగాయన: చూడనివాడికే పేరు మీద మమకారం ఎక్కువ. కోడి సంగతి తెలిసినవాడికి పొన్ని తెలియదా?

గట్టుమీద గోదారి: ఎవరి దగ్గరైనా ఆ తాటాకు ఫొటో ఉందా? ఆ ఒక్క అక్షరం చూస్తే చాలు.

పీఠికల పురుగు: మహల్లో అడగాలి. ఈలోగా అదే పద్యంలో నాలుగో పాదం. డెంకణాదిత్యుడంటే టెంకణాదిత్యుడే, సంధిలో ట కాస్తా డ అయింది. టెంకణం అంటే దక్షిణం. తమిళంలోనూ కన్నడంలోనూ తెన్, తెంకణ అని తకారమే. ఇక్కడ టకారం ఎలా వచ్చింది? దీనికీ గంటం జారిందనకండి, ముందే చెప్తున్నా.