చిలకలు పట్టేవాళ్ళ మాటను పక్షుల జాబితాలో రాయాలా, వద్దా?

చెట్టుతొర్ర:
ప్రిన్సిపే గుడ్లగూబ సంగతి కొందరికి తెలిసే ఉంటుంది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ప్రిన్సిపే అన్నది పశ్చిమాఫ్రికా తీరానికి అవతల గినీ సింధుశాఖలో ఉన్న చిన్న దీవి, "సావో తోమే, ప్రిన్సిపే" అనే దేశంలో భాగం. అక్కడ అడవిలో ఒక చిన్న గుడ్లగూబ ఉందని స్థానికులు 1928 నాటికే చెప్పారు. 1998లో ఆ అనుమానం మళ్ళీ బలపడింది. శాస్త్రవేత్తలకు రుజువు దొరికింది 2016లో, కొత్త జాతిగా పేరు పెట్టింది 2022లో. అంటే దాదాపు తొంభై ఏళ్ళు ఆ మాట గాలిలోనే ఉండిపోయింది. అందుకే నేననేది, స్థానికులు, ముఖ్యంగా అడవిలో చిలకలు పట్టేవాళ్ళు చెప్పిన పక్షిని "ఇంకా రుజువు కాలేదు" అన్న గుర్తుతోనైనా ఆ ప్రాంతపు పక్షుల జాబితాలోకి ఎక్కించాలి. అసలు రాయకపోతే వెతకాలని ఎవరికి తోస్తుంది?

రెక్కలలెక్క:
నేను ఒప్పుకోను. అలా రాస్తే ఏమవుతుందో కరీబియన్ దీవుల మకా చిలకల విషయంలో చూశాం. 1900ల మొదట్లో వాల్టర్ రాత్‌షైల్డ్ లాంటి పక్షిశాస్త్రవేత్తలు పాత ప్రయాణికుల రాతల్ని నమ్మి, చేతిలో ఒక్క ఈక గానీ ఎముక గానీ లేకుండానే జాతులకి పేర్లు పెట్టేశారు. గ్వాడెలూప్ ఊదారంగు మకా అలా పుట్టిందే, నిజానికి అదే దీవిలోని అమెజాన్ అనే మరో రకం చిలకను చూసి ఎవరో పొరబడి ఉంటారని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు. ఒకసారి జాబితాలో పడ్డ పేరును తీసెయ్యడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది.

చెట్టుతొర్ర:
మంచి ఉదాహరణ అండీ, కానీ అదే గ్వాడెలూప్ ఎర్ర మకా మాటేమిటి? దాన్నీ మొదట పాత రాతల్ని బట్టే వర్ణించారు, తర్వాత పక్కనే ఉన్న మారీ గలాంత్ దీవిలో దొరికిన రెక్క ఎముక దానికి బలం ఇచ్చింది. ఇంకో మాట, ఓడలో వచ్చి నాలుగు రోజులుండి రాసుకున్న మనిషినీ, ఏళ్ళ తరబడి చెట్లెక్కి తొర్రల్లో చెయ్యి పెట్టిన మనిషినీ ఒకే గాట కట్టొద్దు. ప్రిన్సిపేలో బూడిదరంగు చిలకల పిల్లల్ని పట్టడం చాలాకాలం సాగింది. ప్రిన్సిపే గుడ్లగూబ స్కాప్స్ అనే చిన్న గుడ్లగూబల రకానిది, అవి కూడా చిలకల్లాగే సాధారణంగా తొర్రల్లోనే గుడ్లు పెడతాయి కాబట్టి, వాటి గురించి ముందు తెలిసేది చిలకలు పట్టేవాళ్ళకే. బికెగిలా అని అందరూ పిలిచే సెసిలియానో దొ బొమ్ జెసూస్ ఒకప్పుడు ఆ పని చేసినవాడే, తర్వాత పార్కు రేంజర్ అయ్యాడు, ఆ గుడ్లగూబ శాస్త్రీయ నామం ఓటస్ బికెగిలాలో ఉన్నది ఆయన పేరే. నాకు ఇది చాలా న్యాయంగా అనిపించింది.

వానచుక్క:
ఇద్దరూ ఒక విషయం వదిలేస్తున్నారు. బూడిదరంగు చిలకను 2016లో సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో చేర్చి, దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేశారు. ఇప్పటికీ చిలకలు పట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే, మనతో నిజం చెప్పడానికి భయపడతారు, చెప్తే మనం వాళ్ళని ఇరికించినట్టవుతుంది. గూళ్ళున్న చెట్లెక్కడున్నాయో అందరికీ కనిపించేలా పెడితే మిగతావాళ్ళకి దారి చూపించినట్టే. అందుకే మాట రాయండి, గూటి చోటు మాత్రం రాయకండి. పక్షులు చూసేవాళ్ళు తమ రికార్డులు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైటు కూడా కొన్ని పక్షుల విషయంలో కచ్చితమైన చోటు దాచేస్తుంది కదా.

రెక్కలలెక్క:
చోటు దాచాలన్నది సరే. జాతుల లెక్కలో కలపొద్దన్నది మాత్రం నా పట్టు. వేరే పట్టిక పెట్టండి, ఎవరు చెప్పారు, ఏ కూత విన్నారు, ఏ ఎత్తులో చూశారు అన్నీ అందులో ఉంచండి. ఆ గుడ్లగూబ కూత "టూ" అని చిన్నగా, సుమారు సెకనుకొకసారి, పురుగు అరుపులా ఉంటుందట. ఆ ఒక్క వివరం చాలు, కూతల్ని పట్టే రికార్డర్ ఎక్కడ కట్టాలో, వచ్చిన రికార్డింగుల్లో దేన్ని వెతకాలో తెలుస్తుంది.

చెట్టుతొర్ర:
వేరే పట్టికైనా నాకు అభ్యంతరం లేదు, దాన్ని జాబితాతో పాటే అచ్చు వేస్తే. ఎందుకంటే ఆ గుడ్లగూబ ఉన్నది దీవి దక్షిణాన మిగిలిన పాత అడవిలో, సుమారు 15 చదరపు కిలోమీటర్లలో, సంఖ్య 1000 నుంచి 1500 అని అంచనా. ఆ చోటులో కొంత భాగాన్ని తాకేలా చిన్న జలవిద్యుత్ డ్యామ్ ఒకటి ప్రతిపాదనలో ఉందని జాతిని వర్ణించినప్పుడే చెప్పారు. 2016కి ముందే అలాంటి డ్యామ్ కట్టాలనుకుని ఉంటే, పర్యావరణ నివేదిక రాసేవాళ్ళు జాబితా తెరిచి, గుడ్లగూబ లేదని చూసుకుని, ముందుకెళ్ళిపోయేవాళ్ళు.