ఫ్లూమ్ ‘స్కిన్’: 16 ట్రాకుల్లో 10 చోట్ల అతిథులే ఉంటే అది ఎవరి ఆల్బమ్?

రాత్రి_రేడియో:
చాలా రోజుల తర్వాత నిన్న రాత్రి ఫ్లూమ్ రెండో ఆల్బమ్ ‘స్కిన్’ మొదట్నుంచి చివరిదాకా విన్నా. 2016 మేలో వచ్చింది. తెలియనివాళ్ల కోసం: ఫ్లూమ్ అంటే సిడ్నీ కుర్రాడు, ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ప్రొడ్యూసర్ హార్లీ స్ట్రెటెన్. చిన్నప్పుడు బ్రేక్‌ఫాస్ట్ సీరియల్ డబ్బాలో ఫ్రీగా వచ్చిన మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ డిస్క్‌తో పాటలు కట్టడం మొదలుపెట్టాడు. 2012లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఆ ఒంటరి కుర్రాడు వినిపిస్తాడు. ‘స్కిన్’లో 16 ట్రాకులుంటే 10 చోట్ల పాడటానికో ర్యాప్ చేయడానికో వచ్చిన అతిథులే. కై, టోవ్ లో, విక్ మెన్సా, లిటిల్ డ్రాగన్, చివర్లో బెక్. పెళ్లివాళ్లకంటే చుట్టాలే ఎక్కువున్నారు. దీన్ని ఫ్లూమ్ ఆల్బమ్ అనొచ్చా?

బేస్‌బాబు:
ఎందుకనకూడదు బ్రో? మనం పుట్టి పెరిగిందే అలాంటి ఆల్బమ్‌ల మధ్య. సినిమాలో ఆరు పాటలు ఆరుగురు పాడినా క్యాసెట్ కొనేటప్పుడు ‘రెహమాన్‌ది వచ్చిందా’ అనే అడిగేవాళ్లం. పాడినవాళ్ల పేర్లు ఇంటికెళ్లి కవర్ తిప్పి చూసుకునేవాళ్లం. ఇంకోటి, మొదటి ఆల్బమ్‌లో ఒంటరి కుర్రాడన్నారు. ‘లెఫ్ట్ అలోన్’ పాడింది చెట్ ఫేకర్ కదా? అందులో ఇంకా గెస్టులున్నారు. జ్ఞాపకంలో అంతా స్వచ్ఛంగానే ఉంటుంది లెండి.

రాత్రి_రేడియో:
చెట్ ఫేకర్ విషయం ఒప్పుకుంటున్నా. కానీ సినిమా పోలిక కుదరదండీ. అక్కడ పాటలన్నిటినీ కట్టి ఉంచేది కథ. ఇక్కడ విక్ మెన్సా ర్యాప్ అయిపోగానే కుచ్కా అనే గాయని, ఆమె వెనకాలే టోవ్ లో. ఈ ముగ్గురూ ఒకే ఇంట్లో ఎందుకున్నారో చెప్పే కథేదీ? ప్లేలిస్ట్ వింటున్నట్టుంది. ‘నెవర్ బి లైక్ యు’ హిట్టయింది, కాదనను, ఆస్ట్రేలియా రేడియో ట్రిపుల్ జే శ్రోతల ఓట్ల జాబితా ‘హాటెస్ట్ 100’లో 2016కి నంబర్ వన్. అయినా బయట ఎవరినడిగినా ‘ఆ అమ్మాయి పాడిన పాట’ అనే అంటారు.

చిన్నగది_స్టూడియో:
ఇంట్లో కూర్చుని బీట్లు చేసుకునేదాన్ని, కాబట్టి నా చెవితో విన్నది చెప్తాను. ‘నెవర్ బి లైక్ యు’ మళ్లీ పెట్టుకోండి. కై గొంతు మీద కాదు, వెనకున్న సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్ శబ్దం) మీద మనసు పెట్టండి. కిక్, అంటే పెద్ద డ్రమ్ దెబ్బ, పడ్డ ప్రతిసారీ సింథ్ కుంగిపోయి, వెంటనే పాలు పొంగినట్టు పైకొస్తుంది. దాన్ని సైడ్‌చెయిన్ అంటాం. టెక్నిక్ అందరిదీ, ఎంత లోతుకి కుంగాలి, ఎంత మెల్లగా లేవాలి అన్నది మాత్రం ఇతనిది. ఇంకా చూడండి, కొన్ని డ్రమ్ దెబ్బలు గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లో తాళం గీతలు) మీద సరిగ్గా పడవు, వెంట్రుకవాసి ఆలస్యం. నేను అలా చేస్తే తప్పులా వినిపిస్తుంది, ఇతను చేస్తే నడకలా వినిపిస్తుంది (ఏడుపొస్తుంది). గొంతులు మారుతున్నా ఆ నడక మారదు. మీరడిగిన దారం అదే.

కొంచెం సొంత గోడు కూడా. రెండేళ్ల క్రితం ఒక సింగర్‌కి ట్రాక్ మొత్తం నేనే చేశాను. కంపెనీవాళ్లు రిలీజ్ చేసినప్పుడు నా పేరు డిస్క్రిప్షన్‌లో, ‘మరిన్ని’ నొక్కితే గానీ కనిపించని చోట పెట్టారు. అందుకే ప్రొడ్యూసర్ పేరు ముందుండి, పాడినవాళ్లది పక్కన ఉన్న ఆల్బమ్ చూస్తే నాకు కడుపు నిండుతుంది. పక్షపాతమే, ఒప్పుకుంటున్నా.

పాతటేప్:
అక్క చెప్పింది నిజమే కానీ అన్ని పాటలకీ వర్తించదు. ర్యాపర్ రేక్వాన్ ఉన్న ‘యు నో’ వినండి. ఆయన తన లైన్లు చెప్పి వెళ్లిపోయినట్టుంటుంది, కింద బీట్ ఎవరిదైనా ఆయనకి తేడా పడేది కాదు. అతిథిని పిలిచామా, ఫొటో దిగామా అన్నట్టు. అదే కుచ్కాని చూడండి. రెండు ట్రాకుల్లో ఉంది. ‘స్మోక్ అండ్ రెట్రిబ్యూషన్’లో విన్స్ స్టేపుల్స్ ర్యాప్ ఇటుకలు పేర్చినట్టు సాగుతుంటే, ఆమె గొంతు పొగలా వచ్చి సందులు పూడుస్తుంది. అక్కడ గొంతేదో సింథ్ ఏదో విడదీయలేం. 2019 మిక్స్‌టేప్‌లో కూడా ఆమెనే మళ్లీ పిలిచాడంటే ఊరికే కాదు. నా లెక్కలో కొలాబ్ (కలిసి చేసిన పాట) అంటే అది. పదింట్లో అలాంటివి నాలుగో ఐదో.

బేస్‌బాబు:
గ్రామీ వాళ్లకి మాత్రం ఈ డౌట్ రాలేదు. 2017లో బెస్ట్ డ్యాన్స్/ఎలక్ట్రానిక్ ఆల్బమ్ దీనికే ఇచ్చారు. పోటీలో ఉన్న ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ ‘ఎలక్ట్రానికా 1’ అయితే మొదట్నుంచి చివరిదాకా కొలాబ్‌లే. అంత పెద్దాయన చేస్తే ప్రయోగం, పాతికేళ్లవాడు చేస్తే ప్లేలిస్టా?

రాత్రి_రేడియో:
అవార్డుతో నోరు మూయించకండి బాబూ. జార్ కొలాబ్ కోసమే ఆ ఆల్బమ్ మొదలుపెట్టాడు, ఆ సంగతి ముందే చెప్పి చేశాడు. సరే, పాతటేప్ గారి లెక్క నాకు నచ్చింది. పొద్దున బస్సులో ఒక పని చేశా. అతిథులున్న పదీ తీసేసి మిగతా ఆరే వరుసగా విన్నా: ‘హెలిక్స్’, ‘పికా’, ‘3’, ‘వెన్ ఎవ్రీథింగ్ వాజ్ న్యూ’, ‘ఫ్రీ’, ఇంకోటుంది, దాని పేరు రాస్తే మోడరేటర్ ఊరుకోడు. ‘హెలిక్స్’ మెల్లగా మొదలై సగం దాటాక డ్రమ్స్ విరుచుకుపడ్డప్పుడు పక్క సీటాయన నా ఇయర్‌ఫోన్ వైపు చూశాడు. నేను కోరుకున్న ఫ్లూమ్ ఆల్బమ్ ఆ ఆరింట్లో ఉంది. దిగాల్సిన స్టాప్ దాటిపోయింది కూడా.

చిన్నగది_స్టూడియో:
అంటే చివరికి మీరూ ప్లేలిస్టే చేసుకున్నారన్నమాట.