బొమ్మల పుస్తకం: అచ్చుల ఉన్నది ఉన్నట్టు చదవాల్నా, ఇంటి మాటల్ల చెప్పాల్నా?

పాలమూరు అక్షరం
మూడు, నాలుగేండ్ల లోపు పిల్లలకు తెలుగు బొమ్మల పుస్తకం చూపించే కాడ ఈ పేచీ తెగుతలేదు. పుస్తకంల గేదె, బంగాళాదుంప, వేరుశనగ అని ఉంటది. ఇంట్ల బర్రె, ఆలుగడ్డ, పల్లికాయ అంటం. కొందరు అక్షరం పొల్లుపోకుండ చదవాలె అంటరు. కొందరు అచ్చును వదిలేసి, బొమ్మ చూపిచ్చుకుంట మన మాటల్ల చెప్పాలె అంటరు. ఇంట్ల, అంగన్‌వాడీల పనికొచ్చేటట్టు వివరంగ చెప్పుండ్రి.

బత్తాయితోట
ఇంటి మాటనే. ఆ వయసు పిల్లకు బొమ్మనే పుస్తకం. పిల్ల బొమ్మ మీద ఏలు పెట్టి "బర్రె" అంటది. పెద్దలు "బర్రె కాదు, గేదె అనాలె" అంటరు. రెండు మూడు సార్లు గిట్ల అయినంక ఆ పేజీ వస్తే పిల్ల ఏలు పెట్టదు, మన మొఖం దిక్కు చూస్తది. పొద్దున పాలు పిండంగ చూసింది బర్రెనే కదా, తప్పేందో దానికి ఎట్ల ఎరుకైతది? నాకు అన్నిటికంటె బాధైన సంగతి ఇదే.

పేజీ తిప్పినంక మనసుల అయిదు దాక లెక్కపెట్టుండ్రి, ఏం మాట్లాడొద్దు. పిల్ల చూపు ఎక్కడున్నదో చూడుండ్రి. మనం బర్రె అనుకుంటం, అది మూలకున్న కొంగను చూస్తుంటది. అది ఒక్క మాటంటే మనం రెండు చేర్చాలె: "ఔ, బర్రె. నల్ల బర్రె. నీళ్లల్ల పండుకున్నది." మళ్ల ఆగాలె, దాంతోని అనిపియ్యాలె. అమెరికాల గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయనతోటి పరిశోధకులు 21 నుంచి 35 నెలల పిల్లల తల్లిదండ్రులకు ఇసొంటి పద్ధతే నేర్పి, 1988ల ఫలితం అచ్చేసిండ్రు. పిల్లతోని ఎక్కువ చెప్పిచ్చిన ఇండ్లల్ల నెల రోజులకే మాట తీరు ముందుకు పోయింది. గడగడ చదువుకుంట పోతే ఈ ఆగుడుకు జాగ ఏది?

ఇంకొక మాట. "ఇదేంది? మరి ఇదేంది?" అని వరుసగ అడుగుడు సుత ఆగుడు కాదు, పరీక్ష.

కొల్లాపూర్ చదువరి
పిల్ల మాటను కొట్టేయకూడదు, ఒప్పుకుంటాను. అచ్చు వాక్యాన్ని వదిలేయమంటే మాత్రం ఒప్పుకోను. ఇంట్లో రోజంతా దొర్లేవి తిను, రా, పడుకో, అటు పోకు వంటి మాటలే. అల, నావ, మంచు, తొంగిచూడడం, గూడు అల్లడం మన ఇళ్లలో ఎన్నిసార్లు వినిపిస్తాయి? అవి పుస్తకం నుంచే రావాలి.

పైగా పుస్తకంలో వాక్యం మారదు. అమ్మ చదివినా తాత చదివినా అదే. ఆ నల్లటి గీతలే పలుకుతున్నాయని పిల్లకు తట్టేది అందువల్లే. రోజుకో తీరుగా చెబితే కథ మన నోట్లో ఉందనుకుంటుంది. అదే పుస్తకం పదిసార్లు విన్న మూడేళ్ల పిల్ల ఒక్క ముక్క వదిలినా పట్టేస్తుంది. ప్రతి పేజీలో తిరిగొచ్చే వాక్యం ఉంటే దాన్ని అసలు ముట్టుకోవద్దు. తూగు చెడితే పిల్ల అందుకోలేదు. నాలుగోసారి చదివేటప్పుడు చివరి మాట దగ్గర ఆగండి, తనే పూరిస్తుంది. వేలు వాక్యం కింద ఎడమ నుంచి కుడికి మెల్లగా జారాలి. అక్షరం అక్షరం పొడిస్తే కథ ముక్కలైపోతుంది.

తండా బాట
మీ ఇద్దరి లెక్కల ఇంట్ల తెలుగే ఉన్నది. దేవరకొండ, చందంపేట దిక్కు తండాలల్ల అమ్మను యాడి అంటరు. నారాయణపేట దిక్కు కొన్ని ఇండ్లల్ల కన్నడ. ఆ పిల్లలకు గేదె ఎంత కొత్తనో బర్రె సుత అంతే కొత్త.

అక్షరాలు లేని బొమ్మల పుస్తకంతోని మొదలుపెట్టుండ్రి. ఇంట్ల యాడి గోర్‌బోలిల, అంటే లంబాడీ భాషల చెప్తది, అంగన్‌వాడీల టీచరు అదే పుస్తకం తెలుగుల చెప్తది. కథ ముందే ఎరుకున్నది కాబట్టి తెలుగు మాట జల్ది అతుకుతది. వాక్యం వాక్యానికి రెండు భాషలు కలిపి చెప్పొద్దు. అట్ల చేస్తే పిల్ల తనకొచ్చిన మాట కోసం కాసుకొని కూసుంటది, రెండోది చెవికెక్కదు. ఒక దఫా మొత్తం ఒకటే భాష.

ఇరవై మందికి ఒక్క పుస్తకం ఎత్తి చూపితే వెనకోళ్లకు రంగు మరకలే కనిపిస్తయి. ఆరుగురిని, ఎనమండుగురిని అర్ధచంద్రంగ కూసోబెట్టి, పుస్తకం వాళ్ల కండ్ల ఎత్తుల పట్టాలె. వాకిలి మన వెనకుంటే పేజీ నల్లవడతది, ఎదురుంగ ఉంటే నున్నటి కాగితం మెరుస్తది. వెలుతురు పక్క నుంచి రావాలె.

బత్తాయితోట
చదువరి సారూ, తిరిగొచ్చే వాక్యం ముట్టొద్దన్నది నిజమే, ఆ కాడ నేను మారుతున్న. కానీ అల, నావ పిల్ల చూడని వస్తువులు, వాటికి కొత్త మాట కావాలె. ఆలుగడ్డ కూరల రోజూ తినేదే. దాన్ని బంగాళాదుంప అంటే పిల్లకు కొత్త వస్తువు ఎరుక కాదు, ఉన్న మాటనే పరాయిదైతది.

ప్రథమ్ బుక్స్ 2015ల పెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటుల తెలుగు పుస్తకాలు ఉచితంగ దొరుకుతయి. రాసినోళ్ల పేరు, బొమ్మలేసినోళ్ల పేరు ఉంచి, మాట మార్చుకొని అచ్చేసుకోవచ్చు. గేదె తీసి బర్రె పెట్టుండ్రి, అప్పుడు అచ్చుల ఉన్నదే చదువొచ్చు. 16 పేజీలకు 4 ఏ4 కాగితాలు రెండు దిక్కుల అచ్చేసి నడిమికి మడవాలె. పిన్ను కొట్టొద్దు, ఊడితే నోట్లె పెట్టుకుంటరు. మడత మీద మూడు బొక్కలు పొడిచి, సూది లోపలి నుంచి నడిమి బొక్కల బయటికి తీసి, పై బొక్కల లోపలికి, కింది బొక్కల బయటికి, మళ్ల నడిమి బొక్కల లోపలికి తెచ్చి, పొడుగు దారానికి చెరో దిక్కున రెండు కొసలు పెట్టి ముడేస్తె అయిపాయె. మూలలు కత్తెరతోని గుండ్రంగ కోయాలె.

కొల్లాపూర్ చదువరి
కుట్టడం బాగుంది. కానీ అన్నీ మార్చేయకండి, బడి పుస్తకంలో గేదె ఎదురవుతుంది. నాలుగో ఏట "మనం బర్రె అంటాం, ఈ పుస్తకం రాసినవాళ్లు గేదె అంటారు" అని ఒక్కసారి చెబితే చాలు. రెండు పేర్లూ సరైనవేనని పిల్లకు వినిపించాలి.

పాలమూరు అక్షరం
నాలుగో ఏట అన్నరు, నేనైతే ఇంకా ముందే చెప్పొచ్చు అనుకుంటున్న. ఒకే కథ బర్రెతోని ఒకటి, గేదెతోని ఒకటి కుట్టి పక్కపక్కన పెడితె ఎట్లుంటది?

తండా బాట
పెట్టుండ్రి. మూడోదాంట్ల అక్షరాలు తీసేసి ఉత్త బొమ్మలు పెట్టుండ్రి, మా తండాలకు అది కావాలె. దారం దొడ్డు నూలుది తీసుకోండ్రి. సన్న నైలాన్ దారం గుంజితే మడత కాడ కాగితాన్ని కోస్తది.