బరంపురంలో సైకాలజిస్టుగా ప్రాక్టీసు పెట్టాలంటే

అందరికీ నమస్కారం. పెళ్లయి ఈమధ్యే విశాఖ నుంచి బరంపురం వచ్చాను. ఎం.ఏ. సైకాలజీ చేశాను. మామయ్యగారి మేడ కింద గది ఖాళీగా ఉంది, అక్కడ క్లినిక్ తెరవాలని ఉంది. ఇక్కడ లైసెన్సు ఎవరిస్తారు? ఒడియా రాకపోయినా నడుస్తుందా?

*

చెల్లీ, గది సంగతి తర్వాత చూద్దాం. ముందు బోర్డు మీద ఏం రాయిస్తావో తేల్చుకో. ఎం.ఏ. ఒక్కదానితో ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని రాయించకూడదు. దానికి ఢిల్లీలోని ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా)లో పేరు నమోదై, సీఆర్‌ఆర్ నంబరు, అంటే ఆ కౌన్సిల్ రిజిస్టరులో నీ నంబరు, రావాలి. అది లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యే కదా అనుకోకు. నష్టపోయేది మనల్ని నమ్మి వచ్చినవాళ్లు.

గుణుపురం వైపు నుంచి ఒక తల్లి కొడుకు ఐక్యూ రిపోర్టు పట్టుకుని వికలాంగ సర్టిఫికెట్ కోసం వచ్చింది. స్పైరల్ బైండింగు, రంగుల గ్రాఫులు, కింద సంతకం, స్టాంపు అన్నీ ఉన్నాయి. సీఆర్‌ఆర్ నంబరు మాత్రం లేదు. మెడికల్ బోర్డు తీసుకోలేదు. పిల్లాణ్ణి కూర్చోబెట్టి మళ్లీ మొదటినుంచి పరీక్షలు, మళ్లీ బస్సు చార్జీలు, ఆవిడకి కూలి పోయిన రోజులు. ఆ రిపోర్టు రాసింది కూడా నీలా చదువుకున్న అమ్మాయే. హద్దు ఎక్కడో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హతైనా ఉండాలి, లేదా ఎం.ఏ. తర్వాత రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్., అందులో సూపర్‌విజన్‌లో క్లినికల్ శిక్షణ అయినా ఉండాలంటుంది. రాంచీలోని మానసిక వైద్య సంస్థ సీఐపీ, బెంగళూరు నిమ్‌హాన్స్ ఎం.ఫిల్.కి పేరున్నవి. ఎం.ఫిల్. ప్రవేశాలకు యూజీసీ 2025-26 వరకే గడువిచ్చింది కాబట్టి, ఫీజు కట్టేముందు ఆ కోర్సు, ఆ కాలేజీ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో నువ్వే చూసుకో. ఏజెంటు మాట నమ్మకు. దూరవిద్య సర్టిఫికెట్లు దీనికి పనికిరావు.

సూపర్‌విజన్‌ని మాత్రం మొక్కుబడి అనుకోకు. నువ్వు రాసిన కేసు హిస్టరీని పెద్దవాళ్లు నీ ముందే చదివి ‘నిద్ర సంగతి అడిగావా? చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగావా?’ అంటారు. అడగలేదని తెలిస్తే మళ్లీ వార్డుకి పంపిస్తారు. పనిలో మనల్ని నిలబెట్టేది అదే.

ఈలోగా బడిలోనో కాలేజీలోనో కౌన్సెలర్‌గా చేరు, లేదా రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల దగ్గర పని నేర్చుకో. జబ్బు పేరు పెట్టకు, టెస్టు రిపోర్టుల మీద సంతకం చేయకు. ప్రాణం తీసుకుంటానన్న మనిషి వస్తే ఎవరినైనా తోడిచ్చి ఇక్కడి ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికి పంపు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఒడియా నేర్చుకోక తప్పదు. మన ఇళ్లలో తెలుగే అయినా, పిల్లలు బడి గొడవ చెప్పేటప్పుడు ఒడియాలోకి దిగిపోతారు. తెలుగు ప్రశ్నావళిని అప్పటికప్పుడు ఒడియాలో చదివి మార్కులు వేస్తే ఆ మార్కులకు విలువ లేదు. ఇంకో మాట, అత్తగారిని దుబాసీగా కూర్చోబెట్టుకుని కోడలి గోడు వినకు.

*

పై అన్నయ్య చెప్పినదానికి చిన్న చేర్పు. సీఆర్‌ఆర్ నంబరు దేశమంతటికీ ఒకటే, దాన్ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. 2017 చట్టం కింద మానసిక ఆరోగ్య నిపుణులుగా పనిచేయడానికి మాత్రం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో నమోదు కావాలి. రేపు ఇచ్ఛాపురంలో కూడా కూర్చుందామనుకుంటే అది ఆంధ్ర, అక్కడి అథారిటీని విడిగా అడగాలి.