అసోసియేషన్ వేసిన లేట్ ఫీజులు తీయించుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మా ఇళ్ల ఓనర్స్ అసోసియేషన్‌తో ఒక చిక్కొచ్చి పడింది. తెలిసినవాళ్లు కాస్త దారి చెప్పండి.

మెయింటెనెన్స్ ప్రతి నెలా 5వ తేదీలోపు కట్టాలి. ఫిబ్రవరిలో లెక్కలు చూసే కంపెనీ మారింది. నేను 3వ తేదీనే బ్యాంకు నుంచి పంపాను గానీ అది పాత ఖాతాకి వెళ్లింది. ఖాతా మారిందన్న కబురే నాకు అందలేదు. డబ్బు వాళ్లకి చేరేసరికి 11వ తేదీ అయింది, లేట్ ఫీజు పడింది. సరే, ఒక్కసారికి పోనీలే అనుకున్నా.

అసలు తిరకాసు తర్వాత మొదలైంది. మార్చిలో టైముకే పూర్తిగా కట్టాను. వాళ్లు అందులోంచి ముందు లేట్ ఫీజు మినహాయించుకుని, మిగిలిందే మెయింటెనెన్స్ కింద జమ చేశారు. దాంతో మార్చి మెయింటెనెన్స్‌కి కాస్త తక్కువ పడింది, దానికి మళ్లీ లేట్ ఫీజు! ఏప్రిల్, మే అదే వరస. స్టేట్‌మెంట్లు ముందేసుకుని పెన్సిల్‌తో గీసుకుంటే గానీ నాకే బోధపడలేదు. ఒక్క నెలా ఎగ్గొట్టకుండానే 4 ఫైన్లు.

ఫోన్ చేస్తే "సిస్టమ్ అలాగే తీసుకుంటుందండీ" అంటారు. బైలాస్ (అసోసియేషన్ నియమాల పుస్తకం) తిరగేశాను. ఫీజు ఎంతో ఉంది గానీ, కట్టిన డబ్బు ముందు దేనికి జమ చేయాలో ఒక్క ముక్క లేదు.

రసీదులు జతచేసి బోర్డుకి ఉత్తరం రాస్తే సరిపోతుందా, మీటింగ్‌లోనే అడగాలా? ఈలోగా "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కట్టేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందా? కట్టకపోతే ఇంటి మీద బాకీ రాయిస్తారేమోనని మా ఆవిడ భయం. ఇలా జమ వరస మీదే వాదించి మాఫీ చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?