సంక్రాంతి సెలవుల్లో స్కీయింగ్: పిల్లలకూ పెద్దవారికీ అనువైన ఊరు ఏది?

ప్రశ్న (నిజాంపేట నుంచి)

రాబోయే సంక్రాంతి సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకొని కుటుంబమంతా స్కీయింగ్‌కు వెళ్లాలనుకుంటున్నాము. నేను, నా భార్య, అయిదేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారు వస్తాము. మాలో ఎవరికీ స్కీయింగ్ రాదు. పిల్లలు మంచును చూసింది లోయర్ ట్యాంక్‌బండ్‌లోని స్నో వరల్డ్‌లో మాత్రమే. కొందరు మిత్రులు స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ పేరు చెబుతున్నారు, మరికొందరు అంత దూరమెందుకు, గుల్‌మార్గ్ చాలంటున్నారు. అమ్మగారు గదికే పరిమితం కాకుండా, పిల్లలు భయపడకుండా నేర్చుకునే చోటేదో అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.

జవాబు (మారేడ్‌పల్లి నుంచి)

ఎన్ని కిలోమీటర్ల వాలులున్నాయన్న లెక్క మీకు అనవసరమండీ, ఎందుకంటే మొదటి నాలుగైదు రోజులూ మీ పిల్లలు ఉండేది బడి మైదానమంత కూడా లేని చిన్న నర్సరీ స్లోప్ (కొత్తవారు నేర్చుకునే మెత్తని వాలు) మీదనే. అది మీ బసకు ఎంత దగ్గరన్నదే చూడండి. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్‌తో చేసినది, చీలమండను మడవనివ్వదు. ఆ బూట్లతో, భుజాన పిల్లల స్కీలతో, చేయి పట్టుకున్న అయిదేళ్ల పాపతో గడ్డకట్టిన దారిలో పావుగంట నడిస్తే పాఠం మొదలుకాక ముందే అందరి ఓపికా అయిపోతుంది.

జెర్మాట్ అందానికి తిరుగులేదు, 4,478 మీటర్ల మాటర్‌హార్న్ ఊళ్లోంచే కనిపిస్తుంది. అయితే పసిపిల్లలు నేర్చుకునే స్థలం పైన సున్నెగ్గా దగ్గర ఉంది కనుక రోజూ సొరంగ రైలు ఎక్కి దిగాలి. మీ కుటుంబానికి నేను స్విట్జర్లాండ్‌లోనే ఉన్న వెంగెన్ చెబుతాను. అది 1,274 మీటర్ల ఎత్తున, లౌటర్‌బ్రున్నెన్ నుంచి రైలులో చేరుకునే, కార్లు తిరగని ఊరు. నర్సరీ స్లోప్ ఊరి నడిబొడ్డునే ఉంది. అమ్మగారు అదే రైలులో 2,061 మీటర్ల ఎత్తున్న క్లైనె షైడెగ్ చేరి, ఐగర్ కొండను ఎదురుగా చూస్తూ కూర్చోవచ్చు. ఆమె ఒక్క అడుగు మంచులో నడవకపోయినా కొండను మీతో సమానంగా చూస్తారు, నాకు ఇదే అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ఊరి దగ్గర మంచు పలుచబడిన ఏడాది మాత్రం స్కీయింగ్‌కు పైకి వెళ్లవలసి వస్తుంది.

సంక్రాంతి సమయం బాగా కలిసొచ్చింది. క్రిస్మస్, కొత్త సంవత్సరపు రద్దీ జనవరి మొదటి వారంతో తగ్గుతుంది, ఐరోపా బడుల ఫిబ్రవరి సెలవులు అప్పటికింకా మొదలుకావు.

జవాబు (సైనిక్‌పురి నుంచి)

పిల్లలకు ఇష్టమో కాదో తెలియకముందే స్విట్జర్లాండ్ ఖర్చు పెట్టడం నాకు సమ్మతం కాదు. గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున్న మైదానం. కొత్తవారికి సరిపడే మెత్తని వాలులు అక్కడే ఉన్నాయి, వీసా అక్కరలేదు, నేర్పేవారితో హిందీలో మాట్లాడుకోవచ్చు. గొండోలా (కేబుల్ కార్) మొదటి దశలో కొంగ్‌దూరి వరకు అందరూ వెళ్లండి. రెండో దశ అఫర్వాత్ కొండ వైపు 3,900 మీటర్లు దాటుతుంది, అక్కడి వాలులపై మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఉంది కనుక పిల్లలనూ అమ్మగారినీ తీసుకెళ్లవద్దు. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు, కాశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే గడ్డు చలికాలంలో సంక్రాంతి వస్తుంది, చలి తీవ్రంగా ఉంటుంది. అయినా మంచుకు హామీ లేదు: 2024 జనవరిలో గుల్‌మార్గ్ చాలా రోజులు మంచు లేకుండా ఉండిపోయింది. చివరి వరకు మార్చుకోగల టికెట్లు, గదులే తీసుకోండి.

జవాబు (తార్నాక నుంచి)

ఆల్ప్స్‌కే వెళ్తే రెండు విషయాలు. స్విట్జర్లాండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. కానీ సాధారణ ప్రయాణ బీమాలో చాలావాటికి స్కీయింగ్ వర్తించదు కనుక, కొండ మీది నుంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చు కూడా అందులో ఉందో లేదో పాలసీ చదివి నిర్ధారించుకోండి.

రెండోది భోజనం. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, అమ్మగారికి అదే పెద్ద ఊరట. చిన్న కుక్కర్, కందిపొడి, నూనెతో పెట్టిన ఊరగాయలు తీసుకెళ్లవచ్చు. నెయ్యి మాత్రం పెట్టుకోవద్దు, పాలతో, మాంసంతో చేసిన పదార్థాలను మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్లనివ్వరు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. వెంగెన్ వైపే మొగ్గుతున్నాము. పిల్లల బృంద పాఠాలు ఏ రోజైనా మొదలుపెట్టవచ్చా?

జవాబు (మారేడ్‌పల్లి నుంచి)

సాధారణంగా ఆదివారమో సోమవారమో మొదలై వారమంతా సాగుతాయి, మధ్యలో చేరితే మిగతా పిల్లలు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. శుక్రవారం రాత్రికే హైదరాబాద్‌లో బయలుదేరి, శనివారం ఊరు చేరి, ఆ సాయంత్రమే బూట్లు అద్దెకు తీసుకోండి.